నాన్నగారి టాటా ఎస్టేట్: ఉంచాలా, ఇచ్చేయాలా?

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న 48 ఏళ్ల పాఠకుడు ఒకరు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. సొంతూరు గుంటూరు. నాన్నగారు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసేవారు. 1994లో టాటా ఎస్టేట్ అనే డీజిల్ కారు కొన్నారు. పని రోజుల్లో దాని వెనక భాగం నిండా మిర్చి శాంపిల్ సంచులు, సెలవు రోజుల్లో పిల్లలు. తిరుపతి వెళ్లినా, శ్రీశైలం వెళ్లినా ముగ్గురు పిల్లలూ సీట్లు వదిలేసి వెనకాల బొంత పరుచుకుని పడుకునేవాళ్లు. ఎండాకాలంలో డిక్కీ తలుపు తీస్తే ఇప్పటికీ తుమ్ములు వస్తాయట. ఆ తలుపును పైకి నిలబెట్టే గ్యాస్ రాడ్లు బలం తగ్గిపోతే, నాన్నగారు ఒక వెదురు కర్రను కొలతకు కోసి, రెండు చివర్లా పాత సైకిల్ ట్యూబు చుట్టి బండిలోనే పెట్టుకున్నారు.

మూడేళ్ల క్రితం ఆయన పోయారు. బండి ఇంటి పక్కన రేకుల షెడ్డులో ఉంది. పాత డ్రైవరు అప్పుడప్పుడు వచ్చి స్టార్ట్ చేసేవాడు, ఆయన రావడం మానేసి ఏడాది దాటింది. ఆర్‌సీ ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంది, దాని గడువు కూడా అయిపోయింది. ఇన్సూరెన్స్ లేదు. పాత కార్లు సేకరించే బెంగళూరు ఆయన ఒకరు వచ్చి చూసి 2 లక్షలు ఇస్తానన్నారు. పాత ఇనుము వ్యాపారి 35 వేలన్నాడు. డాలస్‌లో ఉన్న తమ్ముడు వీడియో కాల్‌లో "నాన్నని అమ్మేస్తావా?" అని కట్ చేశాడు, అప్పటినుంచి సరిగా మాట్లాడడం లేదు. విజయవాడలో ఉన్న చెల్లెలేమో "ఎంతొస్తే అంతకు వదిలించుకో అన్నయ్యా, షెడ్డులో పాములు చేరుతున్నాయి" అంటోంది. హైదరాబాద్ తెచ్చుకుందామంటే అపార్ట్‌మెంట్‌లో ఒకటే పార్కింగ్, భార్య ససేమిరా అంటున్నారు. ఇంజినీరింగ్ చదివే కొడుకు అలాయ్ వీల్స్ వేసి మ్యాట్ బ్లాక్ చేయిస్తానంటున్నాడు. 74 ఏళ్ల అమ్మ ఏమీ అనరు. "అభిప్రాయాలు అందరివీ, ఖర్చు మాత్రం నాది. ఉంచితే కళ్ల ముందే పాడైపోతోంది, అమ్మితే పాపం చేసినవాణ్ని అవుతాను. ఈ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?" ఇదీ ప్రశ్న.

సమాధానం

ముందుగా ఆ వెదురు కర్ర గురించి మాట్లాడాలి. నాన్నగారు ఆ బండిని ఎలా చూసుకున్నారో మీ ఉత్తరం మొత్తంలో ఆ ఒక్క విషయమే నాకు బాగా చెప్పింది. రాడ్లు పనిచేయకపోతే బండిని మూలన పెట్టలేదు. చేతిలో ఉన్నదానితో సర్ది, మర్నాడు పొద్దున్నే యార్డుకి తీసుకెళ్లారు. అంటే ఆయనకు అది నడవాల్సిన బండి. కాబట్టి అమ్మితే పాపం, షెడ్డులో ఉంచితే పుణ్యం అనే లెక్క నాన్నగారిది కాదు. మూడేళ్లుగా మీరందరూ దుఃఖంలో వేసుకున్న లెక్క అది. దాన్ని పక్కన పెడితే తప్ప మిగతావి తేలవు.

మీరు "ఉంచాను" అనుకుంటున్నారు కానీ, కదలకుండా నిలబెట్టిన డీజిల్ బండి ఉన్నట్టు కాదు. ట్యాంకులో తేమ చేరి డీజిల్ అడుగున నీళ్లు, మడ్డి దిగుతాయి. బండి స్టార్ట్ చేసిన రోజున అదంతా డీజిల్ పంపులోకి, నాజిళ్లలోకి పోతుంది. బ్రేకు సిలిండర్లు పట్టేస్తాయి. రబ్బరు పైపులు గట్టిపడి పగుళ్లిస్తాయి. టైర్లు ఒకే చోట బరువు మోసి చదునవుతాయి. ఎలుకలు వైరింగ్ కొరుకుతాయి. అన్నిటికంటే ప్రమాదం డిక్కీ తలుపు కింది అంచు, ఫ్లోరు, చక్రాల పైన వంపులు. రబ్బరు బీడింగ్ ఎండిపోయి వాన నీళ్లు దిగితే లోపలినుంచి తుప్పు తింటుంది, రంగు ఉబ్బేదాకా బయటికి కనపడదు. ఇంజిన్ సంగతి అంత భయపడక్కర్లేదు. టెల్కో (ఇప్పటి టాటా మోటార్స్) 1992లో పుణేలో ఎస్టేట్ తయారీ మొదలుపెట్టింది. దానికంటే ముందొచ్చిన సియెర్రా, టాటామొబైల్ పికప్, తర్వాత 1994లో వచ్చిన సుమో అన్నీ ఒకే కుటుంబం. 1948 సీసీ డీజిల్ ఇంజిన్ సుమోల్లో కూడా నడిచింది కాబట్టి ఆ సామాను విజయవాడ ఆటోనగర్‌లో వెతికితే దొరుకుతుంది, పని తెలిసిన చేతులూ దొరుకుతాయి. దొరకనివి ఎస్టేట్‌కి మాత్రమే ఉండే వస్తువులు: వెనక లైట్లు, వెనక అద్దాలు, ఆ తలుపు, డాష్‌బోర్డు ప్లాస్టిక్. వీటిలో ఒక్కటి పగిలినా నెలల తరబడి వెతుక్కోవాలి. అందుకే ఏ నిర్ణయం తీసుకున్నా, ఈ వానాకాలానికి ముందే షెడ్డు రేకు కారకుండా చూసి, బ్యాటరీ విప్పించి, బండి కింద జాకీ స్టాండ్లు పెట్టించండి. ఒక్క పూట పని.

ఇప్పుడు కాగితాల సంగతి. మీ ఇంట్లో అందరూ ఉంచడం, అమ్మడం అంటూ వాదించుకుంటున్నారు గానీ, ఈరోజుకి ఆ బండిని అమ్మే హక్కు మీలో ఏ ఒక్కరికీ లేదు. వీలునామా లేకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మ, మీరు, తమ్ముడు, చెల్లెలు నలుగురికీ సమాన వాటా. ఓనరు చనిపోతే 30 రోజుల్లో ఆర్‌టీఓకి తెలియజేసి, మూడు నెలల్లోపు ఫారం 31తో వారసుల పేరు మీదకి మార్చుకోవాలి. ఆ గడువు ఎప్పుడో దాటింది కాబట్టి ఆలస్యానికి కట్టాల్సింది కట్టాలి, పని మాత్రం ఆగదు. మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, మిగతా వారసుల నిరభ్యంతర అఫిడవిట్లు కావాలి. తమ్ముడి అఫిడవిట్‌ను హ్యూస్టన్ భారత కాన్సులేట్ ద్వారా అటెస్ట్ చేయించుకోవచ్చు. ఎటుచూసినా తమ్ముడి సంతకం లేకుండా ఏదీ కదలదు, కాబట్టి ఆయనతో మాట్లాడకుండా దాటేసే దారి మీకు లేదు.

పేరు ఎవరిది పెట్టాలి? మీ ఉత్తరాన్ని బట్టి మీ పేరు మీదకే మార్చుకోవాలనుకుంటున్నట్టుంది. తొందరపడకండి. బండి గుంటూరులోనే ఉంటుందంటే అమ్మ పేరో, చెల్లెలి పేరో మేలు. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషనే కొనసాగుతుంది. మీ హైదరాబాద్ అడ్రసుకి మార్చాలంటే గుంటూరు ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తేవాలి, తెలంగాణ లైఫ్ ట్యాక్స్ లెక్క చూసుకోవాలి, నంబరు కూడా మారిపోతుంది. నాన్నగారి నంబరు ప్లేటు మీద మీకెంత ఇష్టమో మీరే రాశారు.

రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి సిద్ధపడాల్సిన ఖర్చు: 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన కార్లకు ఫీజు 10,000 రూపాయలు చేశారు. రెన్యువల్ ఆలస్యమైతే కార్లకు నెలకి 500 చొప్పున అదనం. దానిమీద గ్రీన్ ట్యాక్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంటాయి. బండిని చూపించి బ్రేకులు, లైట్లు, హారన్, పొగ పాస్ అవ్వాలి. రెన్యువల్ అయిదేళ్లకి పనికొస్తుంది. 1500 సీసీ దాటిన కారుకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ 2022లో ఖరారైన రేటు ప్రకారం ఏడాదికి 7,897, పైన జీఎస్టీ. ఈ ఇన్సూరెన్స్ లేకుండా బండిని గేటు దాటించకండి. మెకానిక్ "సందు చివరిదాకా వెళ్లొస్తా" అన్నా ఒప్పుకోవద్దు, టోయింగ్ బండి పిలిపించండి. ఎవరికైనా తగిలితే ఆ నష్టపరిహారం మీ నలుగురి నెత్తిన పడుతుంది.

"వింటేజ్ కింద రిజిస్టర్ చేయిస్తే ఈ గొడవలు ఉండవట కదా" అని అడిగారు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికే ఆ అర్హత. మీ బండికి 2044లో వస్తుంది. వచ్చినా రిజిస్ట్రేషన్‌కి 20,000 ఫీజు, నంబరులో వీఏ అనే అక్షరాలు, పదేళ్ల గడువు, రోజువారీ వాడకానికి అనుమతి లేదు. ఇప్పుడు మీకది పనికిరాని ఆలోచన. అయితే "అసలు రూపం" అనే మాట మీ అబ్బాయికి చెప్పండి. అలాయ్‌లు, మ్యాట్ బ్లాక్ వేస్తే ఆ బండికి ఉన్న విలువ పోతుంది, ఆర్‌సీలో ఉన్న రంగు మార్చితే ఆర్‌టీఓ దగ్గర చిక్కు కూడా. కానీ కుర్రాడిని నోరు మూయించకండి. మీ ఇంట్లో ఆ బండిని చేత్తో ముట్టుకోవాలని అడిగింది వాడొక్కడే. సెలవుల్లో మెకానిక్ పక్కన నిలబెట్టి పని నేర్చుకోమనండి.

ఇక దారులు. బండిని గుంటూరులోనే నడిచే స్థితికి తేవడం ఒకటి. దీనికి ఒప్పుకుంటే మెకానిక్‌ని రెండు వేర్వేరు అంచనాలు రాసిమ్మనండి. మొదటిది భద్రంగా నడవడానికి కావాల్సినంత: ట్యాంకు దింపి కడగడం, డీజిల్ ఫిల్టర్లు, నాజిళ్లు, పంపు చెక్ చేయించడం, బ్రేకులు పూర్తిగా, పైపులు, బెల్టులు, హీటర్ ప్లగ్గులు, రేడియేటర్ శుభ్రం, టైర్లు, బ్యాటరీ. రెండోది అందానికి: టింకరింగ్, పెయింటింగ్, సీట్లు. మొదటిది పూర్తయి బండి కొన్ని నెలలు తిరిగేదాకా రెండోదాని జోలికి పోవద్దు. చాలామంది ముందు రంగు వేయించి డబ్బులన్నీ అక్కడే అయిపోయి, మెరిసే బండిని మళ్లీ షెడ్డులో పెడతారు. తుప్పుకి వెల్డింగ్ అవసరమైన చోట్ల మాత్రం ఆగకుండా చేయించండి. ఆ తర్వాత అసలు ప్రశ్న వస్తుంది: నెలకి రెండుసార్లయినా అరగంట సేపు రోడ్డు మీద తిప్పేది ఎవరు? నిలబెట్టి ఇంజిన్ స్టార్ట్ చేస్తే సరిపోదు, గేర్లు, బ్రేకులు, టైర్లు అన్నీ తిరగాలి. గుంటూరు నుంచి విజయవాడ 35 కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఇలాంటి బండికి సరిగ్గా సరిపోయే దూరం. అమ్మని చెల్లెలి దగ్గరికి తీసుకెళ్లి తీసుకురావడానికి ఎవరైనా నమ్మకమైన డ్రైవరు నెలకి రెండు రోజులు దొరికితే ఈ దారి నడుస్తుంది. దొరకకపోతే లక్షలు పోసినా ఏడాదిలో మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారు. ఇంకొకటి, 1994 నాటి డీజిల్ ఇంజిన్ పొగ ఈనాటి బండ్ల పొగ లాంటిది కాదు. దాన్ని రోజూ ఊళ్లో తిప్పడం సరికాదని నా అభిప్రాయం.

హైదరాబాద్ తెచ్చుకోవడం నాకు నచ్చలేదు. మీ ఉత్తరంలో మీ ఆవిడ అడ్డం పడుతున్న మనిషిలా కనిపిస్తున్నారు. కానీ ఆవిడ అన్నది ఒక్కటే, ఉన్న ఒక్క పార్కింగ్‌లో నడవని బండి పెడితే రోజూ ఆఫీసుకెళ్లే బండిని రోడ్డు మీద పెట్టాలని. ఆ మాట సబబు.

బెంగళూరు ఆయనకి ఇవ్వడం గౌరవమైన దారే, దాన్ని తప్పుగా చూడకండి. ఎస్టేట్‌లు 2000 ప్రాంతంలోనే ఆగిపోయాయి, మిగిలినవాటిలో నడిచేవి తక్కువ. ప్రేమించి నడిపేవాడి చేతికి వెళ్తే మీ షెడ్డులో కంటే ఎక్కువ కాలం బతుకుతుంది. అయితే 2 లక్షల కంటే ముందు ఆయన గురించి తెలుసుకోండి. ఆయన దగ్గరున్న మిగతా బండ్లు చూపించమనండి, వీడియోలో అయినా సరే. అవి నడుస్తున్నాయా, ఒకదాని సామాను ఇంకోదానికి వేసుకోవడానికి కొంటున్నారా అన్నది చూస్తే తెలిసిపోతుంది. "పేరు మార్పు ఫారాలు 29, 30 మీద సంతకాలు పెట్టి ఇవ్వండి, మిగతాది నేను చూసుకుంటా" అంటే మాత్రం ఆగండి. నాన్నగారి పేరుమీద ఉన్న బండికి ఆ సంతకాలు ఎవరు పెడతారు? ముందు వారసుల పేరు మీదకి మార్చాలి, తర్వాత ఆయన పేరు మీదకి మారాకే బండి గేటు దాటాలి. ప్రమాదం జరిగితే కోర్టులు ఆర్‌సీలో ఎవరి పేరుందో వాళ్లనే అడుగుతాయి. మారాక ఒకసారి వచ్చి చూసుకునే వీలు అడగండి. నిజంగా బండి మీద ప్రేమున్నవాళ్లు కాదనరు.

పాత ఇనుము వ్యాపారికి ఇవ్వడం చివరి మాట. చేయాల్సి వస్తే ప్రభుత్వ గుర్తింపున్న స్క్రాపింగ్ కేంద్రంలోనే ఇవ్వండి. వాళ్లిచ్చే డిపాజిట్ సర్టిఫికెట్‌తో ఆర్‌సీ రద్దవుతుంది, కొత్త బండి పన్నులో రాయితీకీ ఉపయోగపడుతుంది. ఊళ్లో వ్యాపారికి ఇస్తే ఆ చాసిస్ నంబరు ఏ బండి మీద తేలుతుందో ఎవరూ చెప్పలేరు. బండి అడుగు చూడకుండా ఈ దారి ఎంచుకోవద్దు. ఫ్రేము, ఫ్లోరు తిరిగిరానంతగా తినేసి ఉంటే తప్ప దీని అవసరం లేదు.

ఇప్పుడు తమ్ముడు. ఉత్తరంలో ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు: నాన్నగారు పోయినప్పుడు టికెట్ దొరక్క పదకొండో రోజుకి గానీ రాలేకపోయాడని. మీరు ఆసుపత్రిలో ఉన్నారు, పాడె మోశారు, తలకొరివి పెట్టారు. ఆయనకి అవేవీ లేవు. వచ్చేసరికి ఇంట్లో నాన్నగారిదంటూ ఎప్పుడు పెట్టినచోట అలాగే ఉన్నది ఆ షెడ్డులో బండి ఒక్కటే. "నాన్నని అమ్మేస్తావా" అన్న మాట మీ మీద నింద అనుకుని మూడు పేజీలు బాధపడ్డారు. నాకది నింద అనిపించలేదు, రాలేకపోయిన మనిషి దుఃఖం అనిపించింది. అలాగని ఖర్చంతా మీరే మోయాలని కాదు. ఈసారి ఫోన్ చేసినప్పుడు బండి ఊసు ఎత్తకముందు ఆ పదకొండు రోజుల గురించి అడగండి. తర్వాతి ఫోన్లో లెక్కలు చెప్పండి: బాగుచేయడానికి ఇంత, ఏడాదికి ఇంత, డ్రైవరుకి ఇంత, నీ వాటా ఎంత పెట్టగలవు? ఇస్తానంటే ఉంచడానికి దారి దొరికినట్టే. బండి మొత్తం తనకే కావాలంటే అదీ తీసిపారేయాల్సిన మాట కాదు. 25 ఏళ్లు దాటిన బండ్లకు అమెరికా భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపు ఉంది, కాబట్టి డాలస్ తీసుకెళ్లడం చట్టప్రకారం అసాధ్యమేమీ కాదు. కానీ ఓడ ఖర్చు బండి ధరను మించిపోవచ్చు, అక్కడ ఒక బ్రేకు సిలిండర్ కావాలన్నా ఆటోనగర్ నుంచే పంపాలి. ఇది ఆయనే లెక్క వేసుకుని తేల్చుకోనివ్వండి. మీరు కాదంటే మళ్లీ మీరే దోషి అవుతారు.

చెల్లెలి మాట కటువుగా ఉన్నా, వారం వారం ఆ షెడ్డు పక్కనుంచి నడిచి అమ్మ దగ్గరికి వెళ్తున్నది ఆవిడే. పాముల భయం నిజమైనది. షెడ్డు శుభ్రం చేయించాక ఇంకోసారి అడగండి, జవాబు మారవచ్చు.

అమ్మ సంగతి నాకు అన్నిటికంటే ముఖ్యం. "అమ్మ ఏమీ అనదు" అని రాశారు. మీరు అడిగారా? అందరూ కలిసి ఉన్నప్పుడు, తమ్ముడు వీడియోలో ఉండగా, "ఏమంటావమ్మా" అని అడిగితే ఏ తల్లీ ఒక బిడ్డ పక్షం తీసుకోదు. ఒక్కరే గుంటూరు వెళ్లి, ఒక పూట ఆమె దగ్గర కూర్చుని అడగండి. బండిలో నాలుగో వంతు ఆమెది, దాదాపు ముప్పై ఏళ్లు ఆయన పక్క సీట్లో కూర్చున్నదీ ఆమే. ఆమెకి ఆ షెడ్డు ఓదార్పో, రోజూ గుచ్చుకునే ముల్లో మీ ముగ్గురిలో ఎవరికీ తెలియదు. ఆమె "ఇచ్చెయ్యి నాయనా" అంటే తమ్ముడికి ఆ మాట మీరు చెప్పకండి, ఆమెతోనే చెప్పించండి. "ఉండనీ" అంటే మాత్రం బాగుచేయించే ఖర్చుకి ముగ్గురూ కట్టుబడాలి.

ఇవన్నీ చదివాక ఇంకో ప్రశ్న మీకు మిగులుతుంది. ఇంత పెద్ద ఉత్తరంలో అందరి ఇష్టాలూ రాశారు, మీకు ఆ బండి కావాలో వద్దో ఎక్కడా రాయలేదు. దాన్ని నడపాలని ఉందా? లేక పెద్దకొడుకుని కాబట్టి చూసుకోవాలని ఉందా? రెండోదైతే, ఇచ్చేయడంలో మీరు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మొదటిదైతే ఆ మాట ఇంట్లో గట్టిగా చెప్పండి, డబ్బు గురించి మాట్లాడడం సులభమవుతుంది.

బెంగళూరు ఆయన్ని ఒక నెల గడువు అడగండి. ఆ నెలలో అమ్మతో మాట, మెకానిక్ రాసిచ్చిన రెండు అంచనాలు, తమ్ముడి జవాబు మూడూ చేతికి రావాలి. నామినీ కాగితాలు ఏవైనా ఉన్నాయేమో నాన్నగారి బీరువాలో చూసుకుని, తహసీల్దార్ ఆఫీసులో కుటుంబ సభ్యుల పత్రానికి ఈ వారమే దరఖాస్తు పెట్టండి. ఏ దారిలో వెళ్లినా మొదట అడిగేది అదే.